పందొమ్మిదో పేజీకి ఆరుగురు

ఈ సంచికకి ఉద్యోగ జ్ఞాపకాలు రాయమని మొదట అడిగింది నన్ను కాదు. ఖతార్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళు నలుగురున్నారు. నలుగురూ తప్పకుండా రాస్తామన్నారు, నలుగురూ రాయలేదు. అప్పుడు సంపాదకులు మా బావకి ఫోన్ చేసి "మీ మరదలు డైరీ రాస్తుందట కదా" అన్నారు. నాకు రిటైరయ్యే వయసు రాలేదు. అయితే నన్ను రిటైర్ చేసిన ఉద్యోగం ఒకటుంది. ఆఫీసు పనుల్లోకి కొత్తగా దిగుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొస్తుందేమోనని దాని గురించే రాస్తున్నాను. పనికి రాకపోతే పేజీ తిప్పెయ్యండి. ఈ కథంతా పేజీలు తిప్పడం గురించే.

ముందు నా చిన్నప్పటి పుస్తకాల సంగతి చెప్పాలి. మా నాన్న అప్పట్లో దోహాలో ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళై, వద్దనుకున్న సామాను ఒక అట్టపెట్టెలో మా ఊరికి వచ్చింది. అందులో పదకొండు ఇంగ్లీషు పుస్తకాలున్నాయి. మా వీధిలో మిగతా ఇళ్ళకి 'దుబాయ్ నుంచి' అత్తర్లూ దుప్పట్లూ వస్తే మా ఇంటికి రాక్షసులు వచ్చారు.

అవి వరసగా చదివే పుస్తకాలు కావు. అందులో వీరుడు ఎవరో కాదు, చదివేవాళ్ళే. ఒక పేజీ చివర నువ్వు గుహ ముందు నిలబడి ఉంటావు. ఎడమ దారిలో వెళ్ళాలనుకుంటే నలభై ఏడో నంబరుకి, కుడి దారైతే నూటపన్నెండుకి. అక్కడ ఎముకల గుట్ట మీద ఎవడో కూర్చుని ఉంటాడు. వాడితో కలబడాలంటే పాచికలు వెయ్యాలి. ఓడిపోతే ఆ పేజీలోనే చచ్చిపోయి, మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాలి. ఆడటానికి ఇంకో మనిషి అక్కర్లేదు. స్నేహితుల్ని చేసుకోవడం చేతకాని పిల్లకి అంతకన్నా ఏం కావాలి.

పెట్టెలో పాచికలు లేవు. నానమ్మ పచ్చీసు గవ్వలు ఆరు తీసుకుని, వెల్లకిలా పడ్డవాటిని లెక్కపెట్టేదాన్ని. ఒక్కోసారి ఒక్కటీ పడేది కాదు. పాచికలకి సున్నా ఉండదు కాబట్టి ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు. నేనే ఒక రూలు పెట్టుకున్నాను: సున్నా పడితే అమ్మ చెప్పిన పని ఒకటి చేసొచ్చి మళ్ళీ వెయ్యాలి. మా అమ్మకి ఈ రూలు తెలిసుంటే గవ్వలకి మైనం పెట్టి ఉండేది.

నాకన్నా ముందు ఆ పుస్తకాలు చదివినవాళ్ళెవరో, చావు ఉన్న దారి పక్కన పెన్సిలుతో చిన్న పుర్రె బొమ్మ గీసి పెట్టారు. ఎవరో తెలియదు, ఎప్పుడూ చూడలేదు. కానీ అంత నమ్మకమైన సహోద్యోగి నాకు తరవాత ఏ ఆఫీసులోనూ దొరకలేదు. పుర్రె లేని చోట నా సొంత ఉపాయం ఒకటుండేది. దారి ఎంచుకునే ముందు పాత పేజీలో వేలు పెట్టి ఉంచుకోవడం. కొత్త పేజీలో చచ్చిపోతే వెంటనే వెనక్కి వచ్చెయ్యొచ్చు. ఇది మోసమని తెలుసు. పదకొండు పుస్తకాలూ అలాగే గెలిచాను.

డైరీ కూడా ఆ పద్ధతిలోనే రాసేదాన్ని. "టీచరు ప్రశ్న అడిగింది. జవాబు నీకు తెలుసు. చెయ్యెత్తితే 12కి వెళ్ళు. తల దించుకుంటే 40కి వెళ్ళు." చదువు అయ్యేదాకా నేను నలభైలోనే ఉన్నాను. పన్నెండులో ఏముందో రాయాల్సిన అవసరమే రాలేదు.

అక్కా బావా దోహా పక్కన ఉమ్ సలాల్‌లో ఉండేవాళ్ళు. చదువయ్యాక వాళ్ళ దగ్గరికి వచ్చి, లుసైల్‌లో ఒక టవరు కడుతున్న కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేరాను. సైట్లో పుట్టే ప్రతి కాగితానికీ ఒక నంబరు వెయ్యాలి, మేనేజరు చేత సంతకం పెట్టించాలి, క్లయింటుకి పంపాలి, తిరిగొస్తే రిజిస్టరులో ఎక్కించాలి. కాగితం ఏ స్థితిలో ఉందో చెప్పే స్టాంపులు నా దగ్గరుండేవి: ఒకటి డ్రాఫ్ట్, ఒకటి అప్రూవ్డ్, ఒకటి రద్దు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఉద్యోగం. నాకోసమే పుట్టించారనిపించింది.

మా సైట్లో పరంజీ పనివాళ్ళు చాలామంది మాలాగే జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. కొత్త వేసవి వస్తోందని సేఫ్టీ ఆఫీసరు, ఆయన మలయాళీ, ఎండదెబ్బ జాగ్రత్తల కాగితాన్ని తెలుగులోకి మార్చమని నాకిచ్చారు. రెండు రోజులు కూర్చుని, మంచి తెలుగులో, దళసరి కాగితం మీద ప్రింటు తీసి వాళ్ళుండే క్యాంపుకి పంపాను. వారం తరవాత మా క్యాంప్ బస్సు డ్రైవరుని అడిగాను, వాళ్ళు చదివారా అని. ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి, నన్ను బేటీ అనేవాడు, అబద్ధం చెప్పడం చేతకానివాడు.

"బేటీ, నీ కాగితం మస్తుగుంది. గట్టిగుంది. శుక్రారం మండీ అన్నం తెచ్చుకున్నం, తబుకు కింద పరిచినం. నూనె ఒక్క సుక్క కిందికి దిగలే."

ఆ రోజు డైరీలో నేను రాసింది ఇక్కడ రాయను. మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం భోజనం మానేసి నా చిన్నప్పటి పుస్తకాల పద్ధతిలో ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టాను.

అందులో సముద్రం మీంచి వచ్చే ఉక్కరాక్షసి ఉంటుంది. వీరుడు హెల్మెట్ పెట్టుకుని ఇరవై అంతస్తుల ఇనప కోట ఎక్కాలి. వాడి బలం నీళ్ళ సీసాల్లో లెక్క. తప్పు చేసినప్పుడల్లా ఒక సీసా పోతుంది. ఓఆర్ఎస్ పొట్లం అమృతం. నలభై నంబర్లు, ఏడు రకాల చావులు. మా జిల్లా మాటలోనే రాశాను. ఆఫీసు తెలుగులో చావడం ఎవరికీ ఇష్టముండదు. పన్నెండో పేజీలో వీరుడికి కళ్ళు తిరుగుతాయి. "ఇంకింత సేపే గదా అని పని చేస్తె 22కు పో. ఫోర్‌మన్‌కు చెప్పి దిగితె 19కి పో." ఇరవై రెండులో పడి చస్తాడు. పందొమ్మిదిలో ఇలా ఉంటుంది: "పని ఆపు. తోడు తీసుకొని మెల్లగ దిగు. నీడకు పోయి నీళ్ళు తాగు. నర్సుకు కబురు పంపు. నిన్నెవ్వరు ఏమనరు."

ఆ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. అది నేను ఏసీ గదిలో కూర్చుని, ఎవర్నీ అడక్కుండా రాశాను. వాక్యం లయ బాగుందని రాశాను.

ఇంకో కొంటెపని కూడా చేశాను. చిన్నప్పటి పుస్తకాల్లో ఒకదాంట్లో, ఏ దారీ వెళ్ళని పేజీ ఒకటుండేది. వరసగా చదివేవాళ్ళకి తప్ప ఎవరికీ కనపడదు. నా పుస్తకంలో ఇరవై ఆరో పేజీని అలా పెట్టాను. అందులో ఏం రాశానో తరవాత చెప్తాను.

సేఫ్టీ ఆఫీసరుకి తెలుగు రాదు. బొమ్మలు చూసి మంచిదే అన్నారు. పుస్తకానికి నంబరు వేసి, ఆ వారం మేనేజరు బల్ల మీద పెట్టే దొంతరలో పెట్టాను. మేనేజరు కృష్ణా జిల్లా ఆయన, మర్యాదస్తుడు, నన్ను పేరు పెట్టి కాక అమ్మా అనే పిలిచేవారు. సంతకాలు మాత్రం ఫోన్ మాట్లాడుతూ పెట్టేవారు. దొంతరంతా సంతకాలతో తిరిగొచ్చింది. నియమం ప్రకారం క్లయింటుకి ఒక కాపీ పంపాను. వాళ్ళు 'వ్యాఖ్యలు లేవు' అని తిప్పి పంపారు. ఏడు కాపీలు క్యాంపుకి వెళ్ళాయి.

రెండు వారాలకి, పరంజీ గ్యాంగులో ఒకతను మా పోర్టా క్యాబిన్ ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. జగిత్యాల వైపు మనిషి. చేతిలో నా పుస్తకం.

"మేడం, ఇది రాసింది నువ్వేనట గద?"

తల ఊపాను.

"మేం ఇప్పటికి నాలుగు తీర్ల సచ్చినం. పక్క రూమోళ్ళు ఆరు తీర్ల సచ్చిండ్రు. ఏడోది దొర్కుతలేదు. ఏడున్నదో జెర చెప్పరాదు?"

"చెప్పకూడదు అన్నా," అన్నాను. ఆ ఉద్యోగంలో కాగితం గురించి కాకుండా నేనన్న మొదటి మాట అదే అనుకుంటాను.

తరవాత తెలిసింది. గదిలో అతనితో కలిపి ఆరుగురు. మిగతా అయిదుగురికీ అతనే పైకి చదివి వినిపిస్తాడు. దారి వచ్చిన చోట ఆగుతాడు. చేతులెత్తి ఓట్లు వేస్తారు. ఎక్కువమంది ఎటంటే అటు అందరూ కలిసి వెళ్తారు. చస్తే అందరూ కలిసి చస్తారు. ఒంటరిగా ఆడుకోవడానికి పుట్టిన ఆటని వాళ్ళు బంతిభోజనంలా ఆడుతున్నారు. ఒక పొద్దున ఉక్కరాక్షసి దగ్గర ఓట్లు సమానంగా పడి, వాదన తేలక, గదంతా బస్సు అందుకోలేకపోయింది. మిగతావాళ్ళని మందలించి వదిలేశారు, చదివి వినిపిస్తున్న అతనికి మాత్రం వార్నింగ్ లెటరు ఇచ్చారు. అది అతనికి రెండోది. మొదటిది ఎప్పుడో హెల్మెట్ పట్టీ పెట్టుకోనందుకు. మా కంపెనీలో మూడో లెటరు అంటే ఇంటికి టికెట్టే. రెండో లెటరుకి నంబరు వేసి ఫైల్లో పెట్టింది నేనే.

ఆగస్టు వచ్చింది. వేసవిలో మధ్యాహ్నం ఎండలో బయట పని చేయించకూడదు కాబట్టి తెల్లవారకముందే మొదలుపెట్టేవారు. కానీ ఉక్కకి గడియారంతో పనిలేదు. ఒక రోజు తొమ్మిదింటికి ఫోర్‌మన్ పరుగున ఆఫీసులోకి వచ్చాడు. అతనికి తెలుగు రాదు.

"సార్, తెలుగు గ్యాంగ్ కామ్ బంద్ కర్‌కే బైఠా హై. యే లోగ్ నంబర్ మే బాత్ కర్తా హై. సబ్ బోల్తా హై నైన్‌టీన్, నైన్‌టీన్."

మేనేజరు ముఖం పాలిపోయింది. పని ఆపేసి కూర్చోవడం, అదీ గుంపుగా, అదీ రహస్య భాషలో. ఈ దేశంలో సమ్మె అన్న మాట క్లయింటు చెవిన పడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

జరిగింది ఇంతే. ఎనిమిదో అంతస్తులో, పుస్తకం చదివి వినిపించే అతనికి కళ్ళు తిరిగాయి. "పందొమ్మిదికి పోతున్న" అని ఫోర్‌మన్‌కి తెలుగులోనే చెప్పి దిగడం మొదలుపెట్టాడు. పేజీలో తోడు తీసుకోమని ఉంది, ఎంతమందో నేను రాయలేదు. మిగతా అయిదుగురూ దిగారు. నీడలో కూర్చున్నారు, నీళ్ళు తాగారు, నర్సుకి కబురు పంపారు. నా పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా ఆచరించారు. నవ్వుకున్నారు కూడానట, అందుకే ఫోర్‌మన్‌కి నాటకమనిపించింది. నర్సు ఇచ్చిన చీటీలో 'విశ్రాంతి' అని మాత్రమే ఉంది.

పదింటికి నన్ను దుబాసీగా పిలిచారు. సేఫ్టీ ఆఫీసరు సెలవు మీద సొంతూళ్ళో ఉన్నారు. బల్ల మీద టైపు చేసిన మూడో లెటరు ఉంది. నంబరు వెయ్యడమే మిగిలింది. మేనేజరు తెలుగాయనే కాబట్టి నిజానికి దుబాసీ అవసరం ఫోర్‌మన్ ఒక్కడికే. అతను కుర్చీలో, పరంజీ అతను నిలబడి.

"నైన్‌టీన్ అంటే ఏంటయ్యా?" అన్నారు మేనేజరు.

"నీడ సార్."

"ట్వెల్వ్ అని కూడా అన్నారట?"

"పన్నెండంటే కండ్లు తిరుగుడు."

"ఇరవై రెండు?"

"సచ్చుడు సార్."

మేనేజరు నా వైపు చూశారు. నేను ఫోర్‌మన్‌కి హిందీలో చెప్పాలి. చెప్పాను. అతను నా వైపు కూడా అనుమానంగా చూశాడు.

"సరే, నీకు కళ్ళు తిరిగాయి, దిగావు. ఆ అయిదుగురికీ ఏమొచ్చింది?"

"పేజి తిప్పితె అందరం కలిసే పోతం సార్. ఒక్కన్ని ఎన్నడు పోలే." అని, జేబులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "గిండ్లనే ఉన్నది. ఎవ్వరు ఏమనరు అని రాసి ఉన్నది. సదువుకోండ్రి."

అతను నన్ను చూడలేదు. రాసింది నేనని చెప్పలేదు. ఆరుగురిలో ఎవరూ చెప్పలేదు.

మేనేజరు ఇద్దర్నీ బయటికి పంపారు. పుస్తకం అట్ట తిప్పి, అడుగున ఉన్న నంబరు చూసి, లోపలి రాతా అదే చేతిదని గుర్తుపట్టారు. కోపగించుకోలేదు. కోపగించుకుంటే నాకు సులువుగా ఉండేది.

"చూడమ్మా. ముచ్చటగానే రాశావు. కానీ దీన్ని పట్టుకుని రేపు సైటంతా దిగి కూర్చుంటే నేనేం చెప్పను? ఒక పని చెయ్. స్టాంపు నీ దగ్గరే ఉందిగా, డ్రాఫ్ట్ అని కొట్టేసెయ్. అది చూసి దిగానని వాడు అనడానికి వీల్లేకుండా పోతుంది. నీ పేరు కూడా బయటికి రాదు."

"మరి అతనికి..."

"అతనిది మూడోది కదమ్మా. మనమేం చెయ్యగలం."

డైరీ భాషలో చెప్తాను. స్టాంపు కొట్టి తల దించుకుంటే నలభైకి వెళ్ళు. నోరు విప్పితే పన్నెండుకి. నలభై నాకు సొంతిల్లు లాంటిది, అందులో ఏ గోడ ఎక్కడుందో తెలుసు. పన్నెండో పేజీ నేనెప్పుడూ రాయనే లేదు. పాత పేజీలో వేలు పెట్టుకుందామంటే, ఆ చేతిలో స్టాంపుంది.

"ఇది డ్రాఫ్ట్ కాదు సార్," అన్నాను.

"ఆఁ? ఏంటమ్మా, వినపడలేదు."

ధైర్యం గురించి పుస్తకాల్లో ఎవరూ చెప్పని సంగతి ఇది. మెల్లగా మాట్లాడేవాళ్ళు దాన్ని రెండుసార్లు చూపించాల్సి వస్తుంది.

"డ్రాఫ్ట్ కాదు సార్. అప్రూవ్డ్. మీ సంతకం ఉంది. క్లయింటుకి కూడా వెళ్ళింది. వాళ్ళు వ్యాఖ్యలు లేవని తిప్పి పంపారు. రిజిస్టరులో ఉంది."

ఆయన మొదటి పేజీలో సంతకాన్ని చాలాసేపు చూశారు. "నేనెప్పుడు పెట్టాను దీనికి?"

"డ్రైనేజీ పైపులకీ లిఫ్టు డ్రాయింగుకీ మధ్యలో సార్."

అప్పుడు ఆయన పుస్తకం చదవడం మొదలుపెట్టారు. నవల చదివినట్టు, ఒకటి తరవాత రెండు, రెండు తరవాత మూడు. పెద్దవాళ్ళు సంతకం పెట్టి, క్లయింటు ఆమోదించి, నేను నంబరు వేసిన ఆ పుస్తకాన్ని అప్పటిదాకా చదివింది క్యాంపులో ఉన్నవాళ్ళు మాత్రమే. నేను నిలబడే ఉన్నాను. ఆయన పది దాటారు, ఇరవై దాటారు. ఆగమని చెప్పాలనిపించింది. ఆ రోజుకి నా దగ్గరున్న మాటలు అయిపోయాయి.

ఇరవై ఆరో పేజీలో ఇలా ఉంటుంది: "ఇక్కడికి దారి లేదు. అయినా వచ్చినవంటె వరసగ సదువుతున్నవ్. కోట ఎక్కేటోళ్ళు గిట్ల సదువరు. నువ్వు ఆఫీసులుండెటోనివి. ఒకటికి పోయి, ఈసారి హెల్మెట్ పెట్టుకొని రా."

ఆయన తల ఎత్తకుండా అడిగారు. "ఇది నా గురించేనా అమ్మా?"

"అక్కడికి ఎవరూ రారనుకున్నాను సార్."

ఆయన ఇరవై ఆరులో వేలు పెట్టి ఉంచి, వెనక్కి పన్నెండుకి వెళ్ళారు. అక్కడ్నించి ఇరవై రెండుకి. తరవాత పందొమ్మిదికి. ఆ ఆట ఆయనకి ఎవరూ నేర్పలేదు. వేలు పెట్టడం మాత్రం ఎవరికీ నేర్పక్కర్లేదు కాబోలు. నర్సు చీటీ తీసి మళ్ళీ చూశారు. మూడో లెటరుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"అతన్ని రూముకి పొమ్మను. రేపు కూడా రెస్టే. మిగతా అయిదుగుర్నీ పనికెళ్ళమను. యల్లా, కానియ్యి."

బయటికొచ్చి చెప్పాను. అతను నన్ను తేరిపార చూసి, "ఏడో సావు ఏడున్నదో ఇప్పుడన్న చెప్పు చెల్లె," అన్నాడు. చెప్పాను. కోట దిగాక వీరుడు, అమృతం పొట్లం చేతిలోనే ఉండగా, తాగడం మరిచిపోయి చస్తాడు. అతను చాలాసేపు నవ్వాడు.

కంపెనీలు పుస్తకాల్ని కాల్చవు, సవరిస్తాయి. నెలలో ఒక కమిటీ వేసి రెండో కూర్పు తయారుచేశారు. అందులో ఒకటి చదివి రెండుకి వెళ్ళాలి, రెండు చదివి మూడుకి. రాక్షసి లేదు. 'నిన్నెవ్వరు ఏమనరు' లేదు. 'సంబంధిత అధికారికి తెలియజేయవలెను' ఉంది. దానికి నంబరు వేసింది నేను, మొదటి కూర్పు మీద 'రద్దు' స్టాంపు కొట్టిందీ నేనే. క్యాంపు నుంచి పాత కాపీలు వెనక్కి తెప్పించమన్నారు. ఏడు పంపితే ఆరు వచ్చాయి.

నన్నేమీ అనలేదు. ఆఫీసు అవసరాల రీత్యా దేశం ఉత్తరపు కొసన మదీనత్ అల్ షమాల్‌లో ఒక చిన్న సైటుకి పంపారు. అక్కడ వారానికి నాలుగు కాగితాలు పుట్టేవి. కాంట్రాక్టు అయిపోయాక పొడిగించలేదు. మేనేజరు మాత్రం మంచి సర్టిఫికెట్ ఇచ్చారు. సంతకం పెట్టేముందు దాన్ని మొత్తం చదివారు. నా ఎదురుగానే, రెండుసార్లు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నా అనుభవంలోంచి చెప్పగలిగింది ఒక్కటే. ఎవరికైనా ఫలానా పేజీకి వెళ్ళమని రాసేముందు ఆ పేజీ నిజంగా ఉందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు. అతను వెళ్ళి నిలబడ్డాకే, ఆ పేజీ అక్కడ లేదని తెలిసింది. అప్పటికప్పుడు, నోటితో, ఒక వాక్యం రాయాల్సి వచ్చింది. అది ఒక్క రోజుకే సరిపోయింది. తరవాతి వేసవికి సరిపోతుందో లేదో నాకు తెలియదు.

షమాల్‌లో ఆఖరి రోజు నన్ను దింపడానికి వచ్చింది ఆ పాత బస్సు డ్రైవరే. ఉమ్ సలాల్‌లో ఇంటి ముందు ఆపి, సీటు కింద నుంచి ప్లాస్టిక్ సంచి తీసి ఇచ్చాడు. లోపల నా పుస్తకం ఏడో కాపీ. అంచులు చెమటకి ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఆళ్ళు ఇమ్మన్నరు బేటీ. ఇది మండీ కిందికి పోలే."

రాత్రి భోజనాలకి ముందే కూర్చుని తిరగేశాను. చావు ఉన్న ఏడు చోట్లా పెన్సిలుతో పుర్రెల్లాంటివి గీసి ఉన్నాయి, రకరకాల చేతులతో. నా చిన్నప్పటి పుర్రెల సంగతి వాళ్ళకి నేనెప్పుడూ చెప్పలేదు. పన్నెండో పేజీలో, ఫోర్‌మన్‌కి చెప్పి దిగే దారి పక్కన, పుర్రె లేదు. అక్షరాలు ఒత్తి ఒత్తి రాసి ఉంది: "ఈ దారి ఉన్నది. ఆరుగురం పోయి అచ్చినం."

ఆ కంపెనీ రిజిస్టరులో ఏడో కాపీ ఇంకా తిరిగి రాలేదనే ఉంది. పుస్తకం నా దగ్గరుందని కబురు చెయ్యలేదు, ఆ గడిని ఖాళీగానే వదిలేశాను. నా ఉద్యోగంలో తెలిసి చేసిన తప్పు అదొక్కటే.